తప్పిన ఎత్తులు: విమాన నిష్క్రమణలో పొరపాట్ల చరిత్ర

పరిచయం

నేల విడిచిన విమానాన్ని పైలట్ తనకు తోచిన దారిలో నడపడు. రద్దీ విమానాశ్రయాలలో ఏ దిశలో వెళ్ళాలో, ఏ చోట ఎంత ఎత్తులో ఉండాలో తెలిపే చార్టు ముందుగానే సిద్ధంగా ఉంటుంది. దీనిని ప్రామాణిక నిష్క్రమణ విధానం అంటారు. ఇరుకైన ఆకాశంలో రెండు విమానాలను వేరుగా ఉంచేది ఒక్కొక్కసారి ఎత్తులోని తేడా మాత్రమే. 1996 నవంబర్ 12న ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ విమానం 14,000 అడుగుల ఎత్తులోను, ఢిల్లీకి వస్తున్న కజకిస్తాన్ విమానం 15,000 అడుగుల ఎత్తులోను ఉండవలసింది. రెండవది ఇంకా కిందికి దిగడంతో అవి చర్ఖీ దాద్రీ వద్ద ఢీకొని 349 మంది మరణించారు.

తప్పు చెప్పుకునే వేదిక

ఇటువంటి పొరపాట్లను నమోదు చేసే పద్ధతి ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం. 1974 డిసెంబర్ 1న అమెరికాలో టి.డబ్ల్యు.ఎ. 514 విమానం వర్జీనియాలోని ఒక కొండను ఢీకొన్నది. అందులోని 92 మందీ మరణించారు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్లు కిందికి దిగవచ్చునని అర్థం చేసుకున్నారు. ఆరు వారాల ముందు మరొక సంస్థ విమానం అక్కడే, అదే విధంగా ప్రమాదం అంచువరకు వెళ్ళింది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది కాని, ఆ సంగతి ఇతర సంస్థలకు చేరలేదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1976లో విమాన భద్రతా నివేదన వ్యవస్థ ఏర్పడింది. దాని నిర్వహణను నియంత్రణ సంస్థకు కాక నాసాకు అప్పగించారు. నివేదిక పంపినవారి పేరు తొలగిస్తారు. తెలియక చేసిన తప్పును పది రోజులలో తెలిపినవారికి సాధారణంగా జరిమానా నుంచి మినహాయింపు ఉంటుంది.

టెటర్‌బరో ఉదాహరణ

న్యూయార్క్ పక్కనే ఉన్న టెటర్‌బరో నుంచి చిన్న జెట్ విమానాలు బయలుదేరుతాయి. సమీపంలోని నెవార్క్‌లో దిగే విమానాలు వాటి దారికి పైగా వస్తాయి. అందువల్ల అక్కడి ఒక నిష్క్రమణ విధానం ప్రకారం మొదట 1,500 అడుగుల వద్ద ఆగాలి. నిర్దేశించిన చోటు దాటిన తరువాతే 2,000 అడుగులకు వెళ్ళాలి. అయితే చివరి అంకె మాత్రమే మనసులో ఉంచుకున్న పైలట్లు నేరుగా 2,000కు ఎక్కినట్లు నివేదికలు పదేపదే వచ్చాయి. జెట్ విమానం 1,500 అడుగులకు ఒక నిమిషంలోపే చేరుతుంది. చార్టును మళ్ళీ చూసుకునే వ్యవధి ఉండదు.

ఒక్కరు తప్పితే అజాగ్రత్త అనవచ్చు. అనుభవజ్ఞులు ఎందరో ఒకే చోట తప్పితే, ఆ విధానాన్ని కూడా ప్రశ్నించాలి. చార్టులోని మధ్య ఎత్తులను కూడా పాటిస్తూ ఎక్కాలని స్పష్టంగా తెలిపే ఆదేశ వాక్యం 2014లో అమెరికాలో అమలులోకి వచ్చింది.

ఆధారాల విలువ

చరిత్ర విద్యార్థులుగా మీరు ఒక పరిమితిని గుర్తించాలి. ఈ నివేదికలు స్వచ్ఛందమైనవి. కాబట్టి వాటి సంఖ్యను బట్టి మొత్తం ఎన్ని తప్పులు జరిగాయో చెప్పలేము. తప్పు ఎలా జరిగిందో మాత్రం తప్పు చేసినవారి మాటల్లోనే తెలుస్తుంది. శిక్షాభయం తగ్గినందువల్లనే ఈ ఆధారం మనకు దక్కింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1974 ప్రమాదానికి ముందు అందిన హెచ్చరిక ఎందుకు వృథా అయింది?
2. స్వచ్ఛంద నివేదికలను చారిత్రక ఆధారాలుగా వాడటంలో గల ప్రయోజనాన్ని, పరిమితిని వివరించండి.