తండ్రీకొడుకుల లొల్లి: ప్రహ్లాదుడి నుంచి వనపర్తి దాకా

తెలుగు సినిమా నోరు విప్పిందే తండ్రీకొడుకుల తగాదాతో. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మన తొలి టాకీ హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి. తండ్రి గర్జిస్తాడు, కొడుకు నెమ్మదిగా ఎదురు చెబుతాడు, తల్లి ఇద్దరి మధ్య నలిగిపోతుంది. ఈ ముగ్గురి అమరిక సినిమా పుట్టించింది కాదు. భాగవతం ఆడే ఊళ్లలో జనం తరతరాలుగా చూస్తున్నదే. దేవుణ్ని పక్కన పెట్టి చూస్తే, చెప్పిన చదువు చదవని కొడుకు మీద తండ్రికి వచ్చిన కోపమే ఆ కథ. ఆ తరువాత మన నాటకం, సినిమా, ఇప్పటి వెబ్ సిరీస్ ఈ తగాదాను ఎన్ని ఇళ్లకు తీసుకెళ్లినా తల్లిని మాత్రం మధ్యలోంచి కదపలేదు.

అయితే ఈ తగాదాలో నవ్వు చాలా ఆలస్యంగా వచ్చింది. తోలుబొమ్మలాటలో నవ్వించే బాధ్యత బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాళ్లది. వాళ్లది ఆడామగా సరసం, విరసం. తండ్రిని చూసి నవ్వడానికి మన సమాజం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఒప్పించినవాడు గురజాడ. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధానులు, వెంకటేశం తండ్రీకొడుకులు. కొడుకు ఇంగ్లీషు చదువుకు పట్నంలో ఉంటాడు, పరీక్ష తప్పుతాడు, గిరీశాన్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తాడు. తండ్రికి డబ్బు ఖర్చు కళ్లముందు కనబడుతోంది, చదువు కనబడటం లేదు. కొడుకు నోట నాలుగు ఇంగ్లీషు ముక్కలు వింటే తల్లి వెంకమ్మ మురిసిపోతుంది, తండ్రి మండిపడతాడు. అక్కడ మనం నవ్వేది తండ్రిని చూసి. ఆయన కోపం ఆయన్నే చిన్నవాణ్ని చేస్తుంది. గురజాడ ఇంకొక మెలిక కూడా పెట్టాడు: కొడుకుకు తండ్రిని ఎదిరించే ధైర్యం లేదు, ఆ ధైర్యాన్ని గిరీశం దగ్గర అద్దెకు తెచ్చుకున్నాడు. చదువు ఖర్చు మీద పుట్టిన ఆ పేచీ నేటికీ మన తండ్రీకొడుకుల హాస్యానికి మూలధనం.

సినిమా హాస్యం చాలాకాలం ఆ బాకీ తీర్చలేదు. తండ్రులు జమీందార్లో షావుకార్లో అయ్యారు, కొడుకులు ప్రేమించి ఇల్లు విడిచి వెళ్లే హీరోలయ్యారు. జంధ్యాల 1987లో తీసిన ‘అహ నా పెళ్ళంట’లో నూతన్ ప్రసాద్, రాజేంద్రప్రసాద్ తండ్రీకొడుకులు. వాళ్ల మధ్య పందెం ఉంటుంది, చమత్కారం ఉంటుంది, కానీ డబ్బు బాధ ఉండదు. ఆ సినిమాలో పైసా బాధంతా కోట శ్రీనివాసరావు వేసిన పిసినారిది, ఆయనకున్నది కూతురు. కలిగిన ఇంట్లో తండ్రీకొడుకులు పోట్లాడుకుంటే ఎవరో ఒకరు కారెక్కి వెళ్లిపోవచ్చు. వెళ్లడానికి వీలున్నచోట తగాదా తొందరగా చల్లారుతుంది.

వెళ్లడానికి వీల్లేని ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలంటే కాసేపు లండన్ పోవాలి. 1962 జనవరి 5న బీబీసీలో ‘ది ఆఫర్’ అనే అరగంట నాటకం వచ్చింది. రాసింది రే గాల్టన్, అలన్ సింప్సన్. ఇద్దరూ కుర్రతనంలో క్షయ రోగులుగా శానటోరియంలో కలిసి స్నేహితులైనవాళ్లు. గుర్రబ్బండి మీద పాత సామాన్లు కొనుక్కుంటూ తిరిగే తండ్రీకొడుకులు ఆల్బర్ట్, హెరాల్డ్ స్టెప్టో. తల్లి ఏనాడో పోయింది. ముసలాయనకు పళ్లు సరిగా లేవు, శుభ్రం లేదు, జిత్తులు మాత్రం బాగా ఉన్నాయి. కొడుకు నలభైకి దగ్గరపడుతున్నాడు, పుస్తకాలు చదవాలని, పెద్దమనుషుల్లో తిరగాలని ఆశ. ఆ మొదటి కథలో హెరాల్డ్ ఇక ఈ ఇంట్లో ఉండనంటాడు. తన సామానంతా బండి మీద వేసుకుంటాడు. తండ్రి గుర్రాన్ని ఇవ్వనంటాడు. కొడుకు తానే బండి లాగబోతాడు. అది కదలదు. మళ్లీ లాగుతాడు, మళ్లీ కదలదు. చివరకు ఏడుస్తాడు. తండ్రి మెల్లగా వచ్చి లోపలికి తీసుకుపోతాడు.

అప్పటిదాకా నవ్వుతున్న జనం ఆ నిమిషంలో ఏం చెయ్యాలో తోచక ఊరుకుని ఉంటారు. హాస్యనటులను కాకుండా మామూలు నాటకాల నటులను, విల్ఫ్రిడ్ బ్రాంబెల్‌నూ హ్యారీ హెచ్. కార్బెట్‌నూ పెట్టుకోవడం వల్లే అది సాధ్యమైంది. బ్రాంబెల్ తండ్రి వేషం వేశాడు గానీ, కొడుకు వేషం వేసిన కార్బెట్ కంటే 13 ఏళ్లే పెద్ద. ఆ ఒక్క కథ ‘స్టెప్టో అండ్ సన్’ అనే ధారావాహికగా మారి, మధ్యలో కొన్నేళ్ల విరామంతో 1974 దాకా నడిచింది. మంచి రోజుల్లో 2 కోట్లమందికి పైగా చూసేవారు. 1964 అక్టోబర్ 15న ఎన్నికల రోజు సాయంత్రం ఇది వేస్తే కూలీనాలీ జనం ఓటుకు రారని లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ బీబీసీ పెద్దలతో మాట్లాడి, పోలింగ్ ముగిసేదాకా వాయిదా వేయించాడు. ఆయన గెలిచింది 4 సీట్ల ఆధిక్యంతో. 1972 నాటి ఒక కథలో తండ్రీకొడుకులు ఇంటి మధ్య పలకలతో గోడ కట్టుకుంటారు, టీవీని కూడా చెరిసగం చేసుకుంటారు. మన ఊళ్లలో అటువంటి గోడ అన్నదమ్ముల మధ్య లేస్తుంది. అక్కడ తండ్రీకొడుకుల మధ్య లేచింది, ఎందుకంటే వాళ్లు వ్యాపారంలో కూడా భాగస్వాములు. అదే సంవత్సరం అమెరికాలో నల్లజాతి తండ్రీకొడుకులతో ఇదే కథ ‘శాన్‌ఫర్డ్ అండ్ సన్’ అయింది. స్వీడన్, హాలండ్ కూడా తమ భాషల్లో తీసుకున్నాయి.

మనకు ఆ గొలుసులో చేరే అవకాశం రాలేదు. 2001లో మొదలైన గంగరాజు గుణ్ణం ‘అమృతం’ తెలుగు టీవీలో గొప్ప హాస్య ధారావాహిక. 2007 దాకా ఆరేళ్లు నడిచింది. అందులో హోటలూ ఉంది, నష్టాలూ ఉన్నాయి, ఇంటి ఓనరు అప్పాజీతో పేచీలూ ఉన్నాయి. కానీ అది ఇద్దరు స్నేహితుల కథ.

తండ్రీకొడుకుల పేచీ నిజంగా ఇంటి వాసనతో మనకు తగిలింది 2004లో, అదీ తమిళ దర్శకుడు సెల్వరాఘవన్ వల్ల. ‘7/జి బృందావన్ కాలనీ’లో చంద్రమోహన్ తండ్రి. పొద్దస్తమానం తిడతాడు, కొడతాడు. కొడుకుకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఎదురుగా మంచిమాట అనడు. రాత్రి కొడుకు నిద్రపోయాడనుకుని భార్యతో చెప్పుకుని పొంగిపోతాడు. కొడుకు వింటాడు. తెలుగు తండ్రి ప్రేమను అంత సూటిగా పట్టుకున్న సన్నివేశం నాకు మరొకటి తెలియదు: మెప్పు కూడా తల్లి చెవి గుండానే కొడుకుకు చేరాలి. 2007లో అదే దర్శకుడి ‘ఆడవారి మాటలకు అర్థాలే వేరులే’లో కోట శ్రీనివాసరావు, వెంకటేశ్ తండ్రీకొడుకులయ్యారు. నిరుద్యోగి కొడుకును ఏకిపారేసే తండ్రి, ఆ తిట్లను చొక్కా దులుపుకున్నంత తేలిగ్గా తీసుకునే కొడుకు. సగంలో తండ్రి చనిపోతే సినిమా ఖాళీ అయిపోయినట్టు అనిపించడం కోట గొప్పతనం. ఆ రెంటి నడుమ 2006లో వచ్చిన ‘బొమ్మరిల్లు’ అన్నిటికంటే పేరు తెచ్చుకుంది. ప్రకాశ్ రాజ్ తండ్రికి ఆస్తి ఉంది, ప్రేమ ఉంది, అతి జాగ్రత్త ఉంది. సిద్ధార్థ్ చివర్లో పేలినప్పుడు హాళ్లలో కుర్రాళ్లు తమ మాట తామే విన్నారు. కానీ ఆ ఇంట్లో కూడా పొయ్యి మీదికి ఏం పెట్టాలన్న చింత లేదు.

ఆ చింత గల ఇల్లు తెరకెక్కడానికి హైదరాబాదు కుర్రాళ్లు రావాల్సి వచ్చింది. 2016లో తరుణ్ భాస్కర్ ‘పెళ్ళి చూపులు’లో ఇంజనీరింగ్ ఈడ్చుకొచ్చిన కొడుకు, వాడి సోమరితనం చూసి రగిలే తండ్రి. మాటల రచనకు జాతీయ పురస్కారం వచ్చింది. 2019లో ‘మల్లేశం’ నేతగాళ్ల ఇంటికి తీసుకుపోయింది. ఆసు పోసి పోసి తల్లి భుజాలు పడిపోతుంటే, ఆ నొప్పి తీరే యంత్రం కోసం కొడుకు పడే తపన. అక్కడా నడిమధ్య ఉన్నది అమ్మే. 2020లో వినోద్ అనంతోజు ‘మిడిల్ క్లాస్ మెలోడీస్’ వచ్చింది. స్టెప్టో ఇంటికి తెలుగులో అతి దగ్గరి ఇల్లు ఇదేనని నా నమ్మకం. గుంటూరు దగ్గర కొలకలూరులో చిన్న టిఫిన్ హోటలు. తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ నోరు తెరిస్తే తిట్టే. కొడుకు రాఘవ చేతిలో బొంబాయి చట్నీ ఉంది, గుంటూరులో హోటలు పెట్టాలన్న పట్టుదల ఉంది. తండ్రే యజమాని, తండ్రే తోటి పనివాడు, ఇంటికిపోయినా ఆయనే. ఆ తిట్లలో పౌరుషం కన్నా భయం ఎక్కువ. ఉన్నది పోతుందేమోనన్న భయం. ప్రేక్షకులు ఆ తండ్రిని చూసి పగలబడి నవ్వారు, ఒక్కరూ చులకన చేయలేదు.

తరువాతి అడుగు మా వైపు పడింది. 2024 జనవరి 5న, అంటే ‘ది ఆఫర్’ వచ్చి సరిగ్గా 62 ఏళ్లకు, ఈటీవీ విన్‌లో ‘#90స్’ విడుదలైంది. ఆదిత్య హాసన్ రాసి తీసిన 6 భాగాల కథ, ఊరు వనపర్తి. శివాజీ ప్రభుత్వ బడిలో లెక్కల సారు. తాను పాఠం చెప్పే బడిలో కాకుండా పిల్లల్ని ప్రైవేటు బడికి పంపుతాడు. ఆ ఫీజు కోసం ఇంట్లో ప్రతి పైసా లెక్కే. చిన్నకొడుకు ఆదిత్యకు చదువు ఎక్కదు, నోరు మాత్రం ఆగదు. మళ్లీ ఉప్మాయేనా అన్న గొడవ దగ్గర రాష్ట్రమంతా నవ్వింది. వెంకటేశం పరీక్ష తప్పిన నూరేళ్ల తరువాత కూడా తండ్రి లెక్క అదే: పెట్టిన డబ్బుకు చదువు ఏది? కాకుంటే ఈసారి రచయిత మనల్ని ఇద్దరి పక్షానా కూర్చోబెట్టాడు. రాజుగారి మహలులోనే పాలిటెక్నిక్ నడిచే వనపర్తిలో చదువు మీద పెట్టుకునే ఆశ ఎంత బరువైనదో ఈ ప్రాంతం వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

అయినా సారు ఇల్లు నెల జీతం వచ్చే ఇల్లు. వనపర్తి నుంచి ఆత్మకూరు, అమరచింత మీదుగా జూరాల ఆనకట్ట దాటి గద్వాల వైపు వెళ్తే జీతం లేని ఇళ్లే ఎక్కువ. గద్వాల నేతగాళ్ల ఇంట్లో నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపే పనిలో తండ్రీకొడుకులు రోజంతా ఒక్క కప్పు కిందే ఉంటారు. మగ్గం వదిలి హైదరాబాదు పోతానని కొడుకు, పోతే ఈ పని నాతోనే ఆగిపోతుందని తండ్రి. పాలమూరు కూలీల ఇళ్లలో ఈ లొల్లి ఫోన్లో సాగుతుంది. తండ్రి ఊళ్లో, కొడుకు ఏదో నగరంలో బిల్డింగ్ పని మీద. ఫోన్ ముందు అమ్మ చేతికే వస్తుంది. ఆటోకు మైకు కట్టి పాత ఇనుప సామాన్లు కొంటామని తిరిగేవాళ్లు ఇక్కడా ఉన్నారు, స్టెప్టోల పనే అది.

వీళ్లు మన తెర మీద కన్నీళ్లకే పనికొచ్చారు. కష్టజీవి తండ్రి అనగానే దగ్గు, అప్పు, చావు. వాళ్ల ఇళ్లలో పొద్దున్నుంచి రాత్రిదాకా నడిచే ఎత్తిపొడుపులు, మొండితనం, నవ్వు ఎవరూ పట్టించుకోలేదు. ఆ యాసా, ఆ మాటకు మాటా రాయాలంటే ఆ ఇళ్లలో పెరిగినవాళ్లే రాయాలి. అందుకు స్టూడియో అక్కర్లేదని జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ 2012 నుంచీ చూపిస్తోంది. అక్కడ గంగవ్వను నమ్ముకుని చేసిన పని, జూరాల కాలువ కింది ఊళ్లలో ఒక నాయినను, ఒక కొడుకును నమ్ముకుని చేయవచ్చు.