ట్రిప్ హాప్

ట్రిప్ హాప్ 1990ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో రూపుదిద్దుకున్న సంగీత ధోరణి. హిప్ హాప్ దరువు ఇందులో బాగా నెమ్మదిస్తుంది. దాని చుట్టూ జమైకా డబ్ సంగీతపు బరువైన బేస్, ప్రతిధ్వనులు, సోల్ గాయనుల గొంతు, జాజ్, పాత సినిమా సంగీతాల తునకలు చేరతాయి.

ఇన్ని రకాలు ఒకచోట కలవడానికి కారణం ఆ ఊరే. బ్రిస్టల్ రేవు పట్టణం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారిలో చాలామంది సెయింట్ పాల్స్ పేటలో స్థిరపడ్డారు. జమైకా రెగే సంగీతంతో పాటు సౌండ్ సిస్టమ్ ఆనవాయితీనీ వాళ్లే తెచ్చారు. నిలువెత్తు స్పీకర్లు, రికార్డులు వేసే డీజేలు, మైకులో మాటలు అల్లేవాళ్లు ఉన్న బృందమే సౌండ్ సిస్టమ్. 1980లలో పేరుపడ్డ వైల్డ్ బంచ్ అలాంటిదే. రెగే, పంక్, ఫంక్, హిప్ హాప్ రికార్డులు ఒకే రాత్రి కలిపి వేసేవారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఆడిన ఆ రాత్రులే ట్రిప్ హాప్‌కు అసలైన పుట్టిల్లు.

వైల్డ్ బంచ్‌లోని గ్రాంట్ మార్షల్, రాబర్ట్ డెల్ నాజా, ఆండ్రూ వౌల్స్ మాసివ్ అటాక్ పేరుతో 1991లో ‘బ్లూ లైన్స్’ ఆల్బమ్ విడుదల చేశారు. అందులో మొదటి పాట ‘సేఫ్ ఫ్రమ్ హార్మ్’ ఒక్కటి శ్రద్ధగా వింటే వాళ్ల పనితీరు తెలిసిపోతుంది. జాజ్ డ్రమ్మర్ బిల్లీ కోబమ్ 1973 నాటి ‘స్ట్రాటస్’ నుంచి బేస్, డ్రమ్స్ ముక్కను శాంప్లర్ అనే రికార్డు ముక్కలు దాచుకుని వాయించే యంత్రంలోకి ఎక్కించి, అదే మళ్లీ మళ్లీ తిరిగేలా చేశారు. దానిమీద షారా నెల్సన్ గొంతెత్తి పాడుతుంది. డెల్ నాజా మాత్రం దాదాపు గుసగుసలా ర్యాప్ చేస్తాడు. న్యూయార్క్ ర్యాపర్ల దూకుడును అనుకరించకుండా తమ మామూలు మాటతీరులోనే పలకడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

‘బ్లూ లైన్స్’ రికార్డింగ్ జరిగిన కోచ్ హౌస్ స్టూడియోలో టేపుల పని చూసిన కుర్రాడు జెఫ్ బారో. తర్వాత అతను గాయని బెత్ గిబ్బన్స్, గిటారిస్టు ఏడ్రియన్ అట్లీలతో కలిసి పోర్టిస్‌హెడ్‌గా 1994లో ‘డమ్మీ’ తెచ్చాడు. ఎవరి రికార్డులనో వాడుకోవడంతో వీళ్లు ఆగలేదు. తాము వాయించినదాన్నే వినైల్ మీద ముద్రించి, ఆ రికార్డును కావాలనే అరగదీసి, ఆ గీతల చప్పుడుతో సహా పాటలో వాడారు. ఆ ఆల్బమ్‌కు 1995లో బ్రిటన్ సంగీత పురస్కారమైన మెర్క్యురీ బహుమతి వచ్చింది. అదే ఏడాది, ఒకప్పుడు వైల్డ్ బంచ్‌తో తిరిగిన ట్రికీ, గాయని మార్టినా టాప్లీ-బర్డ్‌తో ‘మాక్సిన్‌క్వే’ చేశాడు. తల్లి మాక్సిన్ క్వే పేరే దానికి పెట్టుకున్నాడు. పోర్టిస్‌హెడ్ ‘గ్లోరీ బాక్స్’, ట్రికీ ‘హెల్ ఈజ్ రౌండ్ ద కార్నర్’ రెండూ సోల్ గాయకుడు ఐజక్ హేస్ రికార్డులోని ఒకే ముక్క మీద నిలిచాయి. మొదటిది వేడుకోలు, రెండోది ఉక్కపోత. ఒకే ముడిసరుకు నుంచి ఇంత తేడా పుట్టడమే ఈ సంగీతం గొప్పతనం.

‘ట్రిప్ హాప్’ అన్న పేరు బ్రిస్టల్ వాళ్లు పెట్టుకున్నది కాదు. 1994లో మిక్స్‌మ్యాగ్ పత్రిక కాలిఫోర్నియాకు చెందిన డీజే షాడో రికార్డు గురించి రాస్తూ వాడింది. ఆ ముద్ర బ్రిస్టల్ కళాకారులకు నచ్చలేదు. వాళ్ల అభ్యంతరం సబబే: కలగలుపే ప్రాణమైన పనికి ఒక పేరు తగిలించగానే, నెమ్మది దరువు మీద ఆడగొంతు పెట్టిన నకళ్లు కెఫేల నిండా మోగాయి. అసలువాళ్లు మాత్రం ఆ మూస దాటిపోయారు. మాసివ్ అటాక్ 1998లో ‘మెజనైన్’తో గిటార్ల వైపు మళ్లింది. పోర్టిస్‌హెడ్ 2008 నాటి ‘థర్డ్’లో ఆ పాత దరువునే వదిలేసింది.