తాబేలు తల లాంటి లెన్సు

మా బాబాయికి నందిగామలో స్టూడియో ఉండేది. గదిలో తీసే ఫొటోలకు స్టాండు మీద పెద్ద కెమెరా, పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ చేతిలో ఇమిడే జోర్కీ అనే సోవియట్ కెమెరా. ఆ జోర్కీ లెన్సు పని లేనప్పుడు తాబేలు తల లాగా కెమెరాలోకి దిగిపోయేది. ఫొటో తీయాలంటే రెండు వేళ్లతో పట్టుకుని బయటికి లాగి, కాస్త కుడివైపు తిప్పి బిగించాలి. ఒక ఏడాది పెనుగంచిప్రోలు తిరునాళ్లలో, జనం తోపులాటలో, ఆయన ఆ లాగడం మరిచిపోయాడు. జోర్కీ లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం చూసేది లెన్సులోంచి కాదు, పైనున్న చిన్న కిటికీలోంచి. అందులో ప్రభ బండ్లు, ఎడ్లు, జనం అన్నీ చక్కగానే కనపడ్డాయి. రాత్రి ఇంటికొచ్చి రీలు కడిగితే 36కి 36 మసక మచ్చలే. ఆయన ఆ రీలు పారేయలేదు. నాకు కెమెరా నేర్పిన మొదటి రోజు దాన్నే తెచ్చి దీపానికి ఎదురుగా పట్టి చూపించాడు.

ఆ లెన్సు మీద రష్యన్ అక్షరాల్లో ఇండస్టార్-22 అని ఉంటుంది. దాని పుట్టిల్లు వెతుక్కుంటూ పోతే జర్మనీలోని వెట్జ్‌లార్ అనే ఊరు వస్తుంది.

వెట్జ్‌లార్‌లో లైట్జ్ కంపెనీ మైక్రోస్కోపులు చేసేది. 1911లో అక్కడ పనికి చేరిన ఆస్కార్ బార్నాక్‌కి ఫొటోలంటే ప్రాణం, కానీ మనిషికి ఉబ్బసం. ఆ రోజుల్లో బయటికెళ్లి ఫొటో తీయాలంటే పెట్టె కెమెరా, స్టాండు, గాజు పలకలు మోసుకుంటూ నడవాలి. ఊపిరి అందని మనిషికి అది సాగే పని కాదు. అందుకని 1913-14 ప్రాంతంలో సినిమా ఫిలింతో నడిచే ఓ చిన్న కెమెరాను తన కోసమే చేసుకున్నాడు. సినిమా బొమ్మ 18×24 మిల్లీమీటర్లు. రెండు బొమ్మల చోటు కలిపి 24×36 చేశాడు. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం.రెడ్డి తీసిన ఫిలిం, మా బాబాయి జోర్కీలో ఎక్కించిన ఫిలిం ఒకే వెడల్పు, 35 మిల్లీమీటర్లు. ఇది తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగింది. చివరికి 1924లో కంపెనీ యజమాని ఎర్న్‌స్ట్ లైట్జ్ ఆ కెమెరాను తయారుచేయడానికి సరేనన్నాడు. 1925లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో దాన్ని లైకా పేరుతో జనం ముందు పెట్టారు.

కెమెరా పలచగా ఉండాలి, జేబులో పట్టాలి. కానీ 50 మిల్లీమీటర్ల లెన్సు దూరపు వస్తువును స్పష్టంగా చూపాలంటే ఫిలింకు దాదాపు అంత దూరంలోనే నిలబడాలి. పాత మడత కెమెరాలు ఈ చిక్కును కొలిమి తిత్తి లాంటి తోలు తిత్తితో తీర్చాయి. తోలు నలుగుతుంది, చిల్లులు పడతాయి. బార్నాక్ దాని బదులు ఇత్తడి గొట్టం పెట్టాడు. లాగి బిగిస్తే కదలదు, వదిలి నెడితే లోపల దాక్కుంటుంది. వందేళ్లుగా దాన్ని మించిన ఏర్పాటు నాకు కనపడలేదు.

గొట్టం బార్నాక్‌ది, గాజు అదే కంపెనీలోని మాక్స్ బెరెక్‌ది. మొదట బెరెక్ లెక్కగట్టిన లెన్సులో ఐదు గాజులుండేవి. వెనక మూడింటిని ఒకదానికొకటి అతికించాలి. దాని పేరు ఎల్మాక్స్, ఎర్న్‌స్ట్ లైట్జ్ పేరులోని మొదటి అక్షరాలకు మాక్స్ తగిలించారు. మూడు గాజులను తేడా లేకుండా అతికించడం ఖర్చుతో కూడిన పని. 1926 నాటికి వెనక రెండే సరిపోయేలా కొత్త లెక్క వేశాడు. మొత్తం నాలుగు గాజులు, వెలుతురు అంకె మూడున్నర (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ). అదే ఎల్మార్. జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ 1902లో చేసిన టెస్సార్‌కి ఇది దగ్గరి చుట్టం. టెస్సార్‌లో వెలుతురును అదుపుచేసే రేకులు రెండో గాజు వెనక ఉంటే, ఎల్మార్‌లో మొదటి గాజు వెనకే ఉంటాయి.

తరవాత మారినవన్నీ ఈ నాలుగు గాజుల చుట్టూ ఉన్నవే. 1930 దాకా లెన్సు కెమెరాకే అతుక్కుని ఉండేది. తర్వాత 39 మిల్లీమీటర్ల మర వచ్చి, విప్పి మార్చుకునే వీలు కలిగింది. 1932లో లైకా-2తో, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ లెన్సుకు జతపడింది. పసుపు ఛాయ నికెల్ పోయి తెల్లని క్రోమ్ వచ్చింది. పాతవాటి మీద వెలుతురు అంకెలు 3.5, 4.5, 6.3, 9, 12.5, 18 అని ఉంటాయి. 1950 ప్రాంతంలో అవి 4, 5.6, 8, 11, 16 అయ్యాయి. ఆ చివరి రకాల్లో ఫోకస్ లోతు చూపే గీతలు ఎర్రగా ఉన్నదాన్ని సేకరణదారులు ఎక్కువ ధర పెట్టి కొంటారు.

నా లెక్కలో అసలు మార్పు మాత్రం పూత. గాలికీ గాజుకీ మధ్య ఉన్న ప్రతి ముఖం దగ్గరా నూటికి నాలుగు వంతుల వెలుగు వెనక్కి తిరిగిపోతుంది. ఎల్మార్‌లో అలాంటి ముఖాలు ఆరు. అంటే వచ్చిన వెలుగులో ఐదో వంతుకు పైగా ఫిలిం దాకా సూటిగా చేరదు. అందులో కొంత లోపలే తిరిగి పొగలా కమ్ముతుంది. జైస్‌లో అలెగ్జాండర్ స్మకుల 1935లో దీనికి పూత కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఎల్మార్‌లన్నీ నీలిపూతతోనే వచ్చాయి.

ఇక సోవియట్ కథ. ఖార్కివ్‌లో అనాథ పిల్లల కోసం నడిచిన జెర్జిన్‌స్కీ కమ్యూన్‌ను మకరెంకో అనే ఉపాధ్యాయుడు చూసుకునేవాడు. అక్కడి పిల్లలే 1934 నుంచి లైకాను చూసి ఫెడ్ కెమెరాలు చేయడం మొదలుపెట్టారు. అదే దారిలో 1948లో మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో జోర్కీ వచ్చింది, దానితోనే ఇండస్టార్-22. పైకి అచ్చం ఎల్మారే. దాన్ని నకలు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇల్లు లేని పిల్లలు నేర్చుకున్న పనితనంతో మొదలైన పరంపర అది. ఫెడ్, జోర్కీ కెమెరాల మీద లైకా పేరు చెక్కి అమ్మే మోసం వేరు. కొనేముందు లెన్సు విప్పి కెమెరా లోపలికి చూడాలి. లైకాలో రేంజ్‌ఫైండర్‌ను కదిపేది చిన్న చక్రం, ఫెడ్, జోర్కీల్లో వేలి కొస లాంటి పలక.

ఇప్పుడు నా దగ్గర మూడున్నాయి: పూత లేని నికెల్ ఎల్మార్, పూత ఉన్న క్రోమ్ ఎల్మార్, బాబాయి ఇండస్టార్. పోయిన వేసవిలో మూడింటినీ జగ్గయ్యపేట ధనబోడుకి తీసుకెళ్లాను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలుకి తన తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట చేయడానికి చాలా ముందే అక్కడ బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. మాంధాత చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియంకి పోయింది. మిగిలిన సున్నపురాయి పలకలు మా మెట్ట ఎండలో తెల్లగా కళ్లు చెదిరేలా మెరుస్తాయి. లెన్సును పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన చోటు ఈ చుట్టుపక్కల లేదు.

పూర్తిగా తెరిచి తీస్తే మూడింటిలోనూ నడిమి భాగం గట్టిగా, మూలలు మెత్తగా వచ్చాయి. ఎనిమిదికి, పాతదాంట్లో తొమ్మిదికి, మూసి తీస్తే ఏది దేనితో తీశానో నేనే చెప్పలేకపోయాను. తేడా ఎండకు ఎదురుగా నిలబడ్డప్పుడు తెలిసింది. పూత ఉన్న ఎల్మార్ పలకల మధ్య నీడలను నల్లగా ముంచేసింది. పూత లేని పాతది ఆ నీడల్లోకి పలచని వెలుగు పోసింది, రాతి అంచులూ పగుళ్లూ కనపడ్డాయి. లోపమని పేరుపడ్డ ఆ పొగే ధనబోడులో నాకు ఉపకారం చేసింది. నందిగామ దగ్గర కల్లాల్లో ఎండబెట్టిన మిరపకాయలను కలర్ ఫిలిం మీద తీస్తే మాత్రం పాతదానిలో ఎరుపు వెలిసిపోయింది. అక్కడ పూత ఉన్నదే కావాలి. ఇండస్టార్‌ను లైకాకి తగిలిస్తే దగ్గరున్న మనుషుల మీద ఫోకస్ కొంచెం తప్పింది. పేరుకు రెండూ 50 అయినా, రేంజ్‌ఫైండర్ జతకు లెక్కలోకి తీసుకునే అసలు ఫోకల్ లెంగ్త్ సోవియట్ లెన్సులది 52.4 మిల్లీమీటర్లు, లైకాది 51.6. జోర్కీకే తగిలిస్తే తప్పు లేదు.

లైట్జ్ వాళ్లే 1933లో ఇంకా ఎక్కువ వెలుతురు పట్టే సుమ్మార్, 1939లో సుమ్మితార్, 1953లో సుమ్మిక్రాన్ తెచ్చారు. ఇవీ లోపలికి దిగేవే. సుమ్మార్ ముందు గాజు మెత్తన, తుడిచి తుడిచి గీతలు పడనిది దొరకడం కష్టం. 1957లో ఎల్మార్ వెలుతురు 2.8కి పెరిగింది, గాజులు నాలుగే.

కొనేవాళ్లు ఏ సంవత్సరానిదని అడిగే ముందు, సెల్‌ఫోను టార్చి వెనక నుంచి వేసి గాజుల్లోకి చూడండి. రేకుల దగ్గర ఆరిపోయిన నూనె పొర, వానాకాలం పట్టిన బూజు దారాలు అప్పుడే బయటపడతాయి. శుభ్రంగా ఉన్న ఇండస్టార్, బూజు పట్టిన ఎల్మార్‌ను సులువుగా ఓడిస్తుంది. గొట్టం లోపలికీ బయటికీ ఆడేటప్పుడు గాలితో పాటు ధూళినీ పీలుస్తుంది. మిరప కల్లంలో లెన్సును ముందే బయటికి లాగి ఉంచుకుంటే మంచిది.

బాబాయి ఇండస్టార్‌ను ఈ మధ్య మా అబ్బాయి తన డిజిటల్ కెమెరాకి తగిలించుకున్నాడు. ఆ కెమెరాలో గొట్టం లోపలికి దిగితే షట్టర్‌కి తగిలే ప్రమాదముంది. అందుకని గొట్టాన్ని బయటికి లాగి, దాని మొదలు దగ్గర నాలుగు చుట్లు నల్లదారం చుట్టి ఇచ్చాను.