డబ్బా మీద అంకె, తెర మీద ముఖం

1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ప్రయోగశాలలో ట్రోజన్ రూమ్ అనే గది దగ్గర ఒక కాఫీ యంత్రం ఉండేది. భవనంలో ఇంకెక్కడో పనిచేసుకుంటున్న పరిశోధకులు కాఫీ కోసం అంత దూరం నడిచి వస్తే తరచూ ఖాళీ పాత్రే కనిపించేది. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు దీనికి ఉపాయం ఆలోచించారు. ఆ పాత్ర మీదికి ఒక కెమెరా గురిపెట్టి, దాని బొమ్మ ప్రయోగశాలలోని కంప్యూటర్లన్నిటికీ అందేలా ప్రోగ్రాములు రాశారు. అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కల నలుపు తెలుపు బొమ్మ అది. నిమిషానికి మూడుసార్లు మారేది. కాఫీ నిండే వేగానికి అది చాలు. 1993 నవంబరులో ఆ బొమ్మ వెబ్‌లోకి ఎక్కింది. 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేసేదాకా లక్షలమంది దాన్ని చూశారు. ప్రపంచంలో మొదటి వెబ్‌క్యామ్‌గా పేరు దానికే దక్కింది.

పాత్రలో కాఫీ ఉందో లేదో తెలుసుకోవడానికి అంత చిన్న బొమ్మ సరిపోయింది. మనిషి ముఖం చూడాలంటే చాలదు. పెదవి కదలాలి, కంటి మెరుపు తెలియాలి, మాటా బొమ్మా కలిసి నడవాలి. ఇంటి కంప్యూటర్‌కి కెమెరా కొనేవాళ్లు ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నది ఆ ముఖాన్నే. అయితే ఒక్కో కాలంలో ఒక్కో చోట దానికి ఇరుకు ఏర్పడింది: ఒకప్పుడు తీగలో, ఒకప్పుడు కెమెరాని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లో, ఆ తరవాత వెలుతురులో. డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చయ్యే అంకె మాత్రం ఆ ఇరుకు సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ముఖం చూస్తూ మాట్లాడాలన్న కోరిక కంప్యూటర్ కంటే పాతది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ సంస్థ పిక్చర్‌ఫోన్‌ను జనానికి చూపించింది. న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో నగరాల మధ్య ప్రత్యేక బూత్‌లు పెట్టింది. మూడు నిమిషాల కాల్‌కి దూరాన్ని బట్టి 16 నుంచి 27 డాలర్ల దాకా వసూలు చేసింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో నెలకు 160 డాలర్ల అద్దెతో ఇదే సేవను వాణిజ్యపరంగా మొదలుపెట్టింది. తీసుకున్నవాళ్లు బహు కొద్దిమంది. ధర ఒక అడ్డు. అవతలి మనిషి దగ్గర కూడా అదే యంత్రం ఉండాలన్నది అంతకంటే పెద్ద అడ్డు.

ఆ రెండు అడ్డంకులనీ తొలగించే ప్రయత్నం 1990లలో జరిగింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో టిమ్ డార్సీ 1992లో సీయూ-సీమీ అనే ప్రోగ్రాం రాశారు. మామూలు ఇంటర్నెట్ మీదే మెకింటాష్ కంప్యూటర్ల మధ్య కదిలే బొమ్మలు పంపే వీలు దానివల్ల కలిగింది. 1994లో కాలిఫోర్నియాకి చెందిన కనెక్టిక్స్ సంస్థ క్విక్‌క్యామ్‌ను అమ్మకానికి పెట్టింది. గుండ్రటి బంతి ఆకారం, సుమారు 100 డాలర్ల ధర. 320×240 చుక్కల బొమ్మ, రంగుల్లేవు, బూడిదరంగులో 16 ఛాయలు మాత్రమే. మెకింటాష్‌కి సీరియల్ పోర్టు గుండా తగిలించేవారు. మరుసటి ఏడాది పీసీలకు వచ్చిన రకాన్ని ప్రింటర్ తీగ పెట్టే పోర్టులో గుచ్చేవారు.

అప్పటి ఇరుకు టెలిఫోన్ తీగది. 16 ఛాయల 320×240 బొమ్మ ఒక్కటి 38,400 బైట్లు. ఆనాటి 28.8 కిలోబిట్ల మోడెమ్ ఎంత పరుగెత్తినా సెకనుకి 3,600 బైట్లే మోస్తుంది. కుదించకుండా పంపితే ఒక్క బొమ్మ చేరడానికి పది సెకన్లు దాటుతుంది. అందుకే ఆ రోజుల్లో కెమెరా ఎంత మంచిదన్నదానికంటే, బొమ్మలో మారిన భాగాన్ని మాత్రమే పంపే ప్రోగ్రాం చేతిలో ఉందా లేదా అన్నదే ముఖ్యమైంది. 1998లో క్విక్‌క్యామ్ వ్యాపారాన్ని స్విట్జర్లాండ్‌లో పుట్టిన లాజిటెక్ రెండున్నర కోట్ల డాలర్లకు కొనేసింది. మౌస్‌లు చేసే సంస్థ కెమెరాల సంస్థ కూడా అయింది.

తరవాతి ఇరుకు కంప్యూటర్‌కీ కెమెరాకీ మధ్య వచ్చింది. యూఎస్‌బీ వచ్చాక గుచ్చడం సులువైంది గానీ, మొదటి తరం యూఎస్‌బీ మోయగలిగింది సెకనుకి 12 మెగాబిట్లు. 640×480 చుక్కల రంగు బొమ్మలు సెకనుకి 30 చొప్పున కుదించకుండా పంపాలంటే దాదాపు 147 మెగాబిట్లు కావాలి. కాబట్టి కెమెరా లోపలే బొమ్మను నలిపి పంపేవారు, స్పష్టత పోయేది. 2000లో 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0 వచ్చి ఆ కష్టం తీర్చింది. డ్రైవర్ల బాధ మిగిలింది. ఒక్కో కంపెనీ కెమెరాకి ఒక్కో సీడీ. సీడీ పోయినా, విండోస్ మారినా కెమెరా పనికిరాని వస్తువైపోయేది. 2003లో పలు కంపెనీలు కలిసి యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ఉమ్మడి పద్ధతిని ఒప్పుకున్నాయి. ఆ పద్ధతి పాటించే కెమెరాకి వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఏ ప్రకటనా ఈ సంగతిని గట్టిగా చెప్పుకోలేదు కానీ, వెబ్‌క్యామ్ చరిత్రలో ఇంటివాళ్లకి ఇంతకంటే పెద్ద మేలు మరొకటి జరగలేదు.

సరిగ్గా ఈ ఏళ్లలోనే తెలుగు ఇళ్లలో వెబ్‌క్యామ్ అవసరం మొదలైంది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తెచ్చింది. కొద్ది ఏళ్లలో 2000 సంవత్సరపు తేదీల చిక్కు తీర్చే వైటూకే పనుల కోసం వేలమంది తెలుగు ఇంజనీర్లు అమెరికా వెళ్లారు. ఐఎస్‌డీ బూత్‌లో ఎర్ర అంకెలు గబగబా మారుతుంటే రెండు మాటలు మాట్లాడి పెట్టేసే తల్లిదండ్రులకి నెట్ సెంటర్ ఒక వరమైంది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ద్వారా మాట్లాడుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. చెక్క అరల మధ్య, లావాటి మానిటర్ నెత్తిన చిన్న కెమెరా. యాహూ మెసెంజర్ తెరిచిపెట్టేది సెంటర్ కుర్రాడే, అవసరమైతే పెద్దవాళ్ల తరఫున టైపు చేసేదీ అతనే. అవతల న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు ముఖం అగ్గిపెట్టెంత కిటికీలో ఆగి ఆగి కదిలేది. పుట్టిన మనవరాలిని మొదటిసారి ఆ కిటికీలోనే చూసుకున్న తాతలూ నాయనమ్మలూ ఎందరో. చుక్కలు లెక్కపెట్టేవాళ్లకి అది నాసిరకం బొమ్మే కావచ్చు. నెలల తరబడి ఉత్తరాలతో, క్షణాల ఫోను మాటలతో గడిపినవాళ్లకి అది బిడ్డ ముఖం.

2003లో మొదలైన స్కైప్ కొన్నేళ్లకే వీడియో కాల్స్ తెచ్చింది. బ్రాడ్‌బ్యాండ్ ఇళ్లలోకి వచ్చాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల జనం సొంత కెమెరాల కోసం బేరాలాడసాగారు. మెగాపిక్సెల్ అంకె కొనేవాణ్ని బోల్తా కొట్టించింది ఆ దశలోనే. 640×480 అంటే 3,07,200 చుక్కలు, పది లక్షల చుక్కలుండే మెగాపిక్సెల్‌లో మూడోవంతు కూడా కాదు. అలాంటి సెన్సరే ఉన్న కెమెరా డబ్బా మీద కూడా పది, ఇరవై మెగాపిక్సెళ్లు అని రాసి అమ్మేవారు. పక్కనే చిన్న అక్షరాల్లో ఇంటర్‌పొలేటెడ్ అని ఉండేది. ఉన్న చుక్కల మధ్య లేని చుక్కలను సాఫ్ట్‌వేర్ ఊహించి పూరిస్తుందని దానర్థం. బొమ్మ పెద్దదవుతుంది, కొత్త వివరం ఒక్కటీ చేరదు.

నిజమైన ఇరుకు అప్పటికి వెలుతురులోకి మారింది. వెబ్‌క్యామ్ సెన్సర్ చాలా చిన్నది, దాని మీద పడే కాంతి తక్కువ. గది మసకగా ఉంటే కెమెరా ఒక్కో బొమ్మకి ఎక్కువసేపు కాంతిని పోగుచేసుకుంటుంది. సెకనుకి 30 బొమ్మలు కాస్తా 15 అవుతాయి, చేయి ఊపితే మసక గీత కనిపిస్తుంది. మన దేశంలో మరో చిక్కు ఉంది. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. పాత చోక్ ట్యూబ్‌లైటు ఇక్కడ సెకనుకి వందసార్లు మినుకుతుంది. 60కి సర్దిన కెమెరా దాని కింద పెడితే తెర మీద నల్లటి పట్టీలు పాకుతాయి. సెట్టింగ్స్‌లో 50 అని మారిస్తే పోతాయి. ఆ చిన్న మార్పు తెలియక మంచి కెమెరాలనే తిరిగి ఇచ్చేసినవాళ్లున్నారు.

ఆ తరవాత నమ్మకం ప్రశ్న వచ్చింది. కెమెరా పనిచేస్తుంటే పక్కన చిన్న దీపం వెలుగుతుందన్నది ధీమా. 2013లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని పాత మ్యాక్‌బుక్‌లలో దీపం వెలగకుండానే కెమెరా నడపవచ్చని నిరూపించారు. 2016లో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ ఫొటో ఒకటి బయటికి వస్తే, వెనక బల్ల మీది ల్యాప్‌టాప్ కెమెరాకి టేపు అంటించి ఉండటం అందరి కంటా పడింది. కెమెరా ముందు జరిపి మూసే చిన్న తలుపు ఆ తరవాత చాలా నమూనాల్లో మామూలైంది. పడకగదిలో పిల్లల చదువుబల్ల మీద కంప్యూటర్ ఉండే ఇంట్లో ఎన్ని చుక్కలన్నది తరవాత చూసుకోవచ్చు, ఆ తలుపు ముందుండాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడి, ఆఫీసు, కోర్టు అన్నీ తెర మీదికి చేరాయి. ప్రపంచమంతటా వెబ్‌క్యామ్‌లకు కరువొచ్చింది. 2012 నాటి లాజిటెక్ సీ920 ఎనిమిదేళ్ల తరవాత కూడా ఎగబడి కొనే సరుకైంది. 1920×1080 చుక్కల నిజమైన బొమ్మ, ఫోకస్ సర్దుకునే లెన్సు దాని బలం. దొరకనివాళ్లు ఫోన్‌నే కెమెరాగా వాడుకున్నారు. ఆ వాడకాన్ని కంపెనీలు తరవాత తామే అందిపుచ్చుకున్నాయి. 2022లో యాపిల్ ఐఫోన్‌ను మ్యాక్‌కి కెమెరాగా మార్చే ఏర్పాటు చేసింది. ఆండ్రాయిడ్ 14తో కొన్ని ఫోన్లు యూఎస్‌బీ తీగ తగిలిస్తే చాలు, వెబ్‌క్యామ్‌గా పనిచేస్తున్నాయి. వాటిని కంప్యూటర్ గుర్తుపట్టేది 2003లో కుదిరిన ఉమ్మడి పద్ధతితోనే. ఫోన్ వెనకవైపు సెన్సర్ చౌక వెబ్‌క్యామ్ సెన్సర్ కంటే పెద్దది కాబట్టి మసక గదిలోనూ ముఖం తేటగా వస్తుంది. ఇప్పుడు ఇంటికి కెమెరా కావాలనుకునేవాళ్లు దుకాణానికి బయలుదేరే ముందు ఒక సాయంత్రం చేతిలో ఉన్న ఫోన్‌ను కంటి ఎత్తున నిలబెట్టి, దీపం ముఖం మీద పడేలా కూర్చుని, దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడి చూడవచ్చు. విడిగా కెమెరా కొనాలో అక్కర్లేదో అవతలివాళ్లే చెబుతారు.