అసీల్ పుంజుకు మేయార్ ఎవరు పెట్టారు?

మా పరకాల అంగడికి వెళ్తే రెండు రకాల కోళ్లు కనిపిస్తాయి. ఒకటి ఇనుప జాలీలో ఒకదాన్నొకటి ఆనుకొని కూర్చున్న తెల్ల బ్రాయిలర్. రెండోది కాళ్లకు తాడు కట్టి గంప పక్కన నిలబెట్టిన నాటు పుంజు. మొదటిదాన్ని ఎవరూ చేతిలోకి తీసుకొని చూడరు. కాంటా మీద పెడతారు, అంతే. రెండోదాన్ని మాత్రం చూడటం తెలిసిన మనిషి ఎత్తుకుంటాడు, రొమ్ము ఎముక వేలితో తడుముతాడు, కాలి పొలుసులు, కంటి రంగు చూస్తాడు, ఆ తర్వాతే ధర అడుగుతాడు.

మా దాదాజాన్‌కు ఆ నజర్ ఉండేది. ఒక పుంజును కాసేపు పట్టుకొని "యే అసీల్ హై" అన్నాడంటే ఇక బేరం పెంచడానికి అమ్మేవాడికి ధైర్యం, తగ్గించడానికి కొనేవాడికి మొహం ఉండేవి కావు. ఆయన ఏం చూసి ఆ మాట అనేవాడు? ఆ కొలత ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు లఫ్జ్ సంగతి. అసీల్ అరబీ మాట. 'అస్ల్' అంటే వేరు, మూలం. వేరు గట్టిగా ఉన్నది అసీల్. మంచి ఖానదాన్ మనిషినీ, మంచి నస్ల్ గుర్రాన్నీ అరబ్బులు ఆ మాటతోనే పిలుస్తారు. మనం రోజూ అనే 'అసలు', 'అసలైన' కూడా ఆ అస్ల్ నుంచి వచ్చినవే. షావుకారు దగ్గర అసలు, వడ్డీ అని లెక్క కట్టే మన తెలుగు రైతు, అసీల్ పుంజును పట్టుకున్న నవాబు ఒకే మాట వాడుతున్నారన్నమాట.

ఇక మేయార్, అంటే ప్రమాణం. అసీల్ అంటే రంగు కాదు, శరీరం కట్టు. తల చిన్నగా, దవడ బలంగా ఉండాలి. ముక్కు పొట్టిగా, మందంగా ఉండాలి. జుట్టు చిన్నది, తలకు అంటుకొని బఠాణీ గింజలు పేర్చినట్టు ఉంటుంది. మెడ కింద వేలాడే తోలు దాదాపు ఉండదు. మెడ పొడుగు, నడక నిటారు, రొమ్ము వెడల్పు. ఈకలు తక్కువ, గట్టిగా ఒంటికి అతుక్కొని ఉంటాయి. పట్టుకుంటే మెత్తగా కాదు, కట్టెలా తగలాలి. పెరిగిన పుంజు మూడు నాలుగు కిలోలు దాటుతుంది.

రంగు ఆ తర్వాతి మాట. కానీ పేర్లు అందమైనవి. ఉర్దూ షౌకీన్లకు తెల్లది నూరీ, నలుపు ఎరుపు కలిసింది యాకూబ్, బంగారు ఎరుపు పీలా, నల్లది కాగర్. తెలుగు కుక్కుట శాస్త్రంలో తెల్లది సేతు, నల్లది కాకి, ఎర్రది డేగ. నెమలి, పింగళ, మైల, కౌజు ఇంకా ఉన్నాయి. అదే తెలుగు జాబితాలో అబ్రాసు, గేరువా అనే పేర్లు కూడా కనిపిస్తాయి. ఉర్దూ తెలిసిన చెవికి అవి పరాయి మాటల్లా వినిపించవు.

ఈ మేయార్‌ను కాగితం మీద ఎవరూ పెట్టలేదు. మైదానం పెట్టింది. లక్నోలో నవాబ్ ఆసఫుద్దౌలా పుంజులకూ, కర్నల్ మార్డాంట్ పుంజులకూ జరిగిన పందెం 1780లలో ఎంత పేరు పొందిందంటే యోహాన్ జోఫనీ దాన్ని పెద్ద చిత్రంగా గీశాడు. అబ్దుల్ హలీం షరర్ 'గుజిష్తా లఖ్‌నవూ'లో లక్నో తహజీబ్ గురించి రాస్తూ ముర్గ్‌బాజీకి కూడా చోటు ఇచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీలో, బార్కస్‌లో ఆ షౌక్ ఇంకా చావలేదు. ఆ ముర్గ్‌బాజీలో కత్తి ఉండదు. మధ్యమధ్య ఆపి, నీళ్లు పట్టి, మళ్లీ వదులుతారు. ఒక్కో విడతను 'పానీ' అంటారు. కోస్తాలో దీన్ని డింకీ పందెం అంటారు. కత్తి కడితే నిమిషాల్లో అయిపోతుంది. కత్తి లేకపోతే గంటలు నిలబడాలి. గంటలు నిలబడే కోడికి ఎముక, ఊపిరి, ఓర్పు కావాలి. అసీల్ దేహాన్ని చెక్కింది ఈ ఇమ్తిహానే. ఓడి పారిపోయిన పుంజు నస్ల్ అక్కడితో ఆగిపోయేది. పెంచేవాళ్లు పుంజును అమ్మినా పెట్టను అమ్మేవాళ్లు కాదు. అసలు వేరు పెట్టలో ఉంటుందని వాళ్ల నమ్మకం.

ఇక్కడే చిక్కు ఉంది. జానవర్లను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడం హదీసుల్లో మనా. పందెం డబ్బు జూదం, అది ఖురాన్‌లోనే హరామ్. దేశ కానూన్ చూసినా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. ఇందులో ముస్లిం అయినవాడు బహస్ చేయడానికి ఏమీ లేదు. మరి పందెం పోతే పుంజు కూడా పోవాలా?

ఈ సవాల్ ఇంగ్లండ్‌కు మనకంటే ముందే ఎదురైంది. అక్కడ 1835లో కోడిపందేల మీద నిషేధం వచ్చింది. 1849లో చట్టాన్ని ఇంకా బిగించారు. కోళ్ల షౌక్ ఉన్నవాళ్లు ప్రదర్శనల వైపు తిరిగారు. 1845లో లండన్ జూలో కోళ్ల ప్రదర్శన జరిగింది. 1865లో ఒక్కో జాతికి ఎన్ని మార్కులు, దేనికి ఎన్ని అని రాసిన ప్రమాణాల పుస్తకం అచ్చయింది. 1874లో అమెరికా వాళ్లు తమ పుస్తకం తెచ్చారు. మైదానం స్థానంలో బల్ల వచ్చింది, గెలుపు స్థానంలో మార్కు వచ్చింది.

దాంతో మేలూ జరిగింది, కీడూ జరిగింది. కీడు ఏమిటంటే, వాళ్ల పాత పందెం కోడిని కంటికి ఇంపుగా ఉండాలని పొడుగు కాళ్లు, పొడుగు మెడ చూసి ఏరుతూ పోయారు. కొన్ని తరాలకు 'మోడర్న్ గేమ్' అనే కోడి తయారైంది. కొంగలా నిలబడుతుంది, చూడటానికే తప్ప దేనికీ పనికిరాదు.

మేలు మన అసీల్ వల్ల జరిగింది. ఇక్కడ కొలువు చేసిన ఇంగ్లీషు ఫౌజు అధికారులు అసీల్ పుంజుల్ని కార్న్‌వాల్‌కు తీసుకెళ్లారు. జనరల్ గిల్బర్ట్ పేరు అందులో ముందు చెబుతారు. అక్కడి కోళ్లతో కలిపితే వచ్చిన పిల్లలు పందేనికి పనికిరాలేదు, కానీ రొమ్ము మాంసం ఎక్కడా చూడనంత వచ్చింది. దానికి 'ఇండియన్ గేమ్' అని పేరు పెట్టారు. అమెరికా ప్రమాణాల పుస్తకంలో 1893లో చేరి, తర్వాత 'కార్నిష్' అయింది. 1948లో అమెరికాలో 'రేపటి కోడి' అని జాతీయ పోటీ పెడితే, ఎర్ర కార్నిష్‌ను న్యూ హాంప్‌షైర్‌తో కలిపిన వాన్‌ట్రెస్ కోడి గెలిచింది. ఆ తర్వాత తెల్ల కార్నిష్ పుంజు, తెల్ల ప్లిమత్ రాక్ పెట్ట కలిసి ఇవాళ్టి బ్రాయిలర్‌కు పునాది అయ్యాయి.

అంటే పరకాల అంగడిలో జాలీలో ఉన్న ఆ తెల్లకోడి, తాడుతో కట్టిన పుంజుకు దూరపు చుట్టం. ఒకే వేరు, రెండు మేయార్లు. బ్రాయిలర్‌ను ఏరినవాడు ఎన్ని రోజులకు ఎంత బరువు అని మాత్రమే చూశాడు. అది ఆరు వారాలకే రెండు కిలోలు దాటుతుంది. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ లెక్కలో అసీల్ 20 వారాలకు 1,220 గ్రాములు, ఏడాదికి 92 గుడ్లు. వ్యాపారి తక్కెడలో అసీల్ ఓడిపోతుంది. కానీ అది తన పొట్ట తానే పోసుకుంటుంది, కుక్క వస్తే ఎదురు తిరుగుతుంది, గుడ్లు పొదిగి పిల్లల్ని తిప్పుకుంటుంది. ఈ గుణాలకు తక్కెడలో తూకం లేదు.

మన దగ్గర ఈ నస్ల్ కద్ర్ తెలిసినవాళ్లు ఉన్నారు. కర్నాల్‌లోని జాతీయ జన్యు వనరుల సంస్థ అసీల్‌ను నమోదు చేసి ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లను దాని పుట్టిల్లుగా రాసింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అసీల్‌ను తరతరాలుగా ఏరి 'వనశ్రీ' అనే రకాన్ని తెచ్చింది. తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసీ ఆడవాళ్లు 'వాటా' పద్ధతిలో కాపాడుతున్నారు. ఉన్నామె లేనామెకు పెట్టను ఇస్తుంది, పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. తమిళనాడులో, ఆంధ్రలో చిలకముక్కు కోళ్లకు అందాల పోటీలు జరుగుతున్నాయి. రక్తం లేదు, ముక్కు, తోక, ఎత్తు, రంగు చూసి ఇనామ్ ఇస్తారు. పందెం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ ముక్కు ఒక్కదాన్నే చూసి ఏరితే మోడర్న్ గేమ్‌కు పట్టిన గతే పడుతుంది. అందానికి కొన్ని మార్కులు పెట్టండి. పొదిగే గుణానికి, పిల్లల్ని బతికించే గుణానికి, రోగాన్ని తట్టుకునే ఒంటికి అంతకంటే ఎక్కువ పెట్టండి.

ఇంటి వెనుక నాలుగు కోళ్లు ఉన్నవాళ్లకు నా గుజారిష్ ఒక్కటే. మీ దగ్గర నిజమైన అసీల్ పెట్ట ఉంటే దస్తర్‌ఖాన్ మీదికి తేకండి, సంత కోడితో కలవనీయకండి. మంచి పిల్లల తల్లి ఎవరో గుర్తుంచుకొని, ఆమె గుడ్లే పొదిగించండి. దాదాజాన్ అంతే చేసేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. రిష్తా కుదిర్చేటప్పుడు మన పెద్దలు మనుషుల అస్ల్ నస్ల్ అడుగుతారు, ఫలానా ఖానదాన్ అని మురుస్తారు. ఆయన మాత్రం తండ్రి ఎంత పేరున్న పుంజైనా, పిల్లను చేతిలోకి తీసుకొని రొమ్ము తడమకుండా ఎన్నడూ అసీల్ అనలేదు.