గ్రాంటా, నష్టపరిహారమా? — పారిశ్రామికవాడ రోడ్డు పద్దు

మన కథల్లో రోడ్డు అభివృద్ధికి ప్రతీకగా వస్తుంది. ఆ రోడ్డుకు డబ్బెవరు పెట్టారు, ఆ డబ్బు ఎవరికి తిరిగి రావాలి అనే ప్రశ్నను మాత్రం ఆడిటు వాళ్లకు వదిలేస్తాం. కాళీపట్నం రామారావు గారు ‘యజ్ఞం’ (1964)లో ఊరి అభివృద్ధినీ, అప్పల్రాముడి అప్పునీ ఒకే పంచాయితీలో నిలబెట్టారు. అప్పు నిజంగా ఎవరిది అన్న ఆ ప్రశ్ననే నేను పురపాలక సంఘాల పద్దుల్లోకి తీసుకుపోతున్నాను. తెలుగు పంతులుకు ఈ లెక్కలెందుకని అడిగేవారుంటారు. లెక్కలన్నీ మాటల్లోనే దాక్కుని ఉన్నాయి గనుకనే.

పూర్వం మద్రాసు రాష్ట్రంలో స్థానిక సంస్థలు రోడ్ల మీద టోలు గేట్లు పెట్టి ఆశీలు వసూలు చేసుకునేవి. బండివాడి నడుం విరిచిన ఆ పద్ధతి మీద మనకు భ్రమలక్కర్లేదు. కాని ఆ రాబడి ఊరి ఖాతాలో పడేది. 1931 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం టోళ్లను రద్దుచేసి, పన్నును ప్రభుత్వ ఖజానాకు మళ్లించి, స్థానిక సంస్థలకు నష్టపరిహారం ఇస్తానంది. ఈ మాటను గమనించాలి. పరాయి పాలనలో పుట్టినా అది బాకీని ఒప్పుకున్న మాట.

1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడింది. వాడ లోపలి రోడ్లు అది వేసింది. ఫ్యాక్టరీల ఆస్తి పన్నును కూడా ఆ సంస్థే వసూలు చేసి, 35 శాతం స్థానిక సంస్థకిచ్చి, మిగిలింది వాడ నిర్వహణకు వాడే ఏర్పాటు తర్వాత వచ్చింది. గేటు దాటాక లారీలు తొక్కే ఊరి రోడ్డు మాత్రం ఊరిదే. 1993లో అమలుకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ రోడ్లను, వంతెనలను పట్టణాల పనుల జాబితాలో చేర్చింది. డబ్బు దగ్గరకొచ్చేసరికి, రాష్ట్ర శాసనసభ పన్నులు అప్పగించవచ్చు, గ్రాంటులు ఇవ్వవచ్చు అంది. ‘వచ్చు’ అనే ఆ క్రియలోనే అధికార స్వభావమంతా ఉంది. హక్కుదారు అర్జీదారయ్యాడు.

ఇక పురపాలక సంఘం కౌన్సిలు తీర్మానం, ఇంజనీరు అంచనా జతచేసి, ‘సానుభూతితో పరిశీలించవలసిందిగా’ ప్రార్థిస్తుంది. ఫైలు జిల్లా నుంచి సచివాలయానికీ, అక్కణ్ణించి ఆర్థిక శాఖకూ నడవాలి. ముందు మంజూరు లేకుండా ఖర్చుపెట్టారన్న ఒక్క వాక్యం చాలు, అది వచ్చిన దారినే తిరిగిపోవడానికి. వానాకాలం గుంతలు మంజూరు కోసం ఆగవు కదా!

అసలు రోడ్డును పాడుచేసేదెవరు? 1958–60లో అమెరికాలోని ఇల్లినాయిలో జరిపిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు ఒక సూత్రం తీశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది. అంటే షిఫ్టుకు సైకిలు మీద వెళ్లే కార్మికుడు ఆ రోడ్డుకు చేసే నష్టం లెక్కలోకే రాదు. రోడ్డు బాగుచేయడానికి మాత్రం అతని ఇంటిపన్నూ పోతుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పై సూత్రం ప్రకారం ఇరుసు ఒక్కంటికి నష్టం 60 శాతం దాకా పెరుగుతుంది. పురపాలక సంఘం రాసే ఉత్తరంలో ప్రార్థన కంటే ముందు ఈ అంకె ఉండాలి, దాని పక్కన 1931 నాటి ఆ పాత మాట ఉండాలి.