పాలు, పక్క చాలవు: పసివారి పెంపకం చెప్పిన చరిత్ర

శిశువుకు వేళకు పాలు, మందులు, శుభ్రమైన పక్క సమకూరిస్తే చాలునని వైద్యులు సైతం చాలాకాలం నమ్మారు. 1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. ఆయన రెండు చోట్ల పెరిగే పసివారిని పోల్చి చూశాడు. ఒకటి స్త్రీల కారాగారంలోని శిశుశాల; అక్కడ తల్లులే బిడ్డలను సాకేవారు. రెండవది అనాథ శిశుగృహం. శుభ్రతకు లోటు లేదు గాని, ఒక్కో ఆయాకు సుమారు ఎనిమిది మంది శిశువులు. రెండేళ్లలో ఆ గృహంలోని 91 మందిలో 34 మంది మరణించారు. శిశుశాలలో మరణాలు లేవు.

అయితే ఆ రెండు చోట్ల పిల్లల నేపథ్యాలు వేరు. భేదానికి కారణం పెంపకమేనా? ఈ సందేహానికి సమాధానం రుమేనియాలో దొరికింది. 1966లో చౌషెస్కూ ప్రభుత్వం గర్భస్రావాన్ని నిషేధించింది. పోషించలేని కుటుంబాలు బిడ్డలను ప్రభుత్వ ఆశ్రమాలకు అప్పగించాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి వాటిలో లక్షకు పైగా పిల్లలున్నారు.

తరువాత నెల్సన్, ఫాక్స్, జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు బుకారెస్టు ఆశ్రమాలలోని 136 మంది పసివారిని ఎంచుకున్నారు. చీటీలు తీసిన రీతిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగిలిన వారిని ఆశ్రమ సంరక్షణలోనే ఉంచారు. ఇది న్యాయమా అని మనసు కలుక్కుమంటుంది. కాని అప్పటికి అక్కడ పెంపుడు కుటుంబాల ఏర్పాటు నామమాత్రమే. పైగా, ఆశ్రమంలో ఉన్న బిడ్డకు కుటుంబం దొరికితే వారు అడ్డుపడలేదు.

నాలుగున్నరేళ్ల వయసులో ఆశ్రమ బాలల సగటు ఐక్యూ సుమారు 73, పెంపుడు కుటుంబాల వారిది 81, కన్నవారి వద్ద పెరిగిన ఇరుగుపొరుగు పిల్లలది 109. రెండేళ్లు నిండకముందే ఇల్లు చేరిన వారు ఎక్కువగా కోలుకున్నారు. ఏకాగ్రత లోపం వంటి కొన్ని ఇబ్బందులు మాత్రం కుటుంబంలోనూ తగ్గలేదు.

2004లో రుమేనియా, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి, రెండేళ్లలోపు శిశువులను ఆశ్రమాలలో ఉంచరాదని చట్టం చేసింది. మన దేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం కూడా పెంపుడు కుటుంబ సంరక్షణకు చోటిచ్చి, ఆశ్రమాన్ని చివరి మార్గంగానే పేర్కొన్నది.

ఆశ్రమాలలో దయగల ఆయాలు లేరని కాదు. షిఫ్టు ముగియగానే వారు వెళ్లిపోక తప్పదు. ఏడిస్తే ప్రతిసారీ అదే మనిషి వచ్చి ఎత్తుకోవడమే శిశువు మెదడుకు ఆహారం. దానిని ఆలస్యం చేయడమూ ఆకలితో ఉంచడమే.